నా చేలో కొట్టే మందు

సేవ చేస్తున్నానని నలుగురిలో చెప్పుకొని తిరిగినవాణ్ణి నేను. ఆ సేవ వల్ల మేలు ఎవరికి జరిగిందో తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది. ఈలోగా చేసిన తెలివితక్కువ పనులు దాచిపెట్టుకొని తిరగడం నావల్ల కావడం లేదు. అందుకే రాస్తున్నాను.

ఉద్యోగ విరమణ అయ్యాక గుంటూరు ఇల్లు పిల్లలకు వదిలి ప్రత్తిపాడు వైపున్న మా ఊరికి వచ్చేశాను. చుట్టూ నల్లరేగడి. ఎటు చూసినా పత్తి, కాకపోతే మిరప. పంచాయతీ ఆఫీసు పక్కన ఊరివాళ్ళు ఎప్పుడో చందాలు వేసుకొని కట్టుకున్న గ్రంథాలయం గది ఉంది. ఏళ్ళ తరబడి దానికి తాళమే. ఆ తాళంచెవి అడిగి తీసుకున్నాను. గది కడిగించాను, సున్నం వేయించాను, బీరువాలు తుడిచాను. జీతం భత్యం లేకుండా నేనే కూర్చుంటానన్నాను. ఊళ్ళో పెద్దలు మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు బాగా తలకెక్కింది.

అంతకు ముందే వేటపాలెం వెళ్ళి సారస్వత నికేతనం చూసి వచ్చాను. 1918లో అక్కడి కుర్రవాళ్ళు మొదలుపెట్టిన గ్రంథాలయం అది. భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇంకా అక్కడే భద్రంగా ఉంది. పాత పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ ఊరు ఒకప్పుడు గుంటూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022 నుంచి బాపట్ల జిల్లా. జిల్లాలు మారినా గ్రంథాలయం నిలిచింది. నేను ఆ భవనాన్ని చూశాను, కర్రను చూశాను, బైండు చేసిన పత్రికల వరసలు చూశాను. అది ఎవరి కోసం మొదలైందన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు. మా ఊరి గదిని కూడా అలా చేయాలనుకుంటూ తిరిగొచ్చాను.

పొద్దున పదింటికి తెరిచేవాణ్ణి, సాయంత్రం అయిదింటికి మూసేవాణ్ణి. ఉద్యోగం పొడుగునా ఒంటబట్టిన వేళలు అవి. 'నిశ్శబ్దం పాటించవలెను' అని బోర్డు రాయించి పెట్టాను. మిరప కోతల కాలంలో మా ఊళ్ళో పొద్దున ఏడింటికల్లా కూలీల ఆటోలు బయలుదేరతాయి. ఆడవాళ్ళు టిఫిను క్యారేజీలు కాళ్ళ దగ్గర పెట్టుకొని ఒకరి మీద ఒకరు కూర్చొని వెళ్తారు. తిరిగి ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ అవుతుంది. నా గదికి తాళం పడేది వాళ్ళు రాకముందే. ఆటోలు పోవడం మా ఇంటి అరుగు మీద నుంచి రోజూ చూసేవాణ్ణి, వాళ్ళు ఎప్పుడు చదువుకుంటారన్న ప్రశ్న నాకు తట్టలేదు. గుంటూరు మిత్రులకు ఫోన్ చేసి, 'మన జనానికి చదువు మీద ధ్యాసే లేదండీ' అని బాధపడేవాణ్ణి. ఆ మాట ఎంతమందితో అన్నానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

పాతూరి నాగభూషణం గారి గురించి పుస్తకాల్లో చదివినవాణ్ణే కదా! మన గుంటూరు సీమ మనిషే. 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. ఆ రోజుల్లో జనం పడవల మీద పోయేవారు కాబట్టి పుస్తకం పడవెక్కింది. ఈ కథ నాకు కంఠతా వచ్చు, వచ్చిన పిల్లలకు చెప్పేవాణ్ణి కూడా. అందులో నేను నేర్చుకోవలసింది ఏమిటో నాకు మాత్రం అర్థం కాలేదు.

ఒక సాయంత్రం తాళం వేస్తుంటే ఒకామె గబగబా వచ్చింది. చేతుల నిండా మిరప ఘాటు. కొంగు చాటు నుంచి ఒక డబ్బా తీసింది.

"బాబాయ్ గారండీ, దీని మీద ఏం రాశారో కాస్త చదివి పెట్టండి. మా ఆయనకి పొద్దుట్నుంచీ ఒకటే తలనొప్పి, వాంతులు."

పురుగుమందు డబ్బా అది. నేను గదిలోకి కూడా రానివ్వలేదు. "ఇది సరస్వతి ఉండే చోటమ్మా, ఇక్కడికి విషం తెస్తావా? ఆస్పత్రికి పో" అని కసిరాను. ఆస్పత్రికి పొమ్మన్నది సరైన మాటే. ఏ మందు కొట్టాడో డాక్టరుకు చెప్పాలంటే ఆ డబ్బా మీద ఉన్నది చదవాలిగా! ఆ పని నేను చేయలేదు. ఆమె మారుమాట లేకుండా డబ్బా మళ్ళీ కొంగులో పెట్టుకొని వెళ్ళిపోయింది.

అక్కడే ఉన్న పిల్లాణ్ణి ఎవర్రా ఆమె అని అడిగాను.

"మీ చేను కౌలుకి చేసేవాళ్ళే గదా తాతా" అన్నాడు.

నా చేను కౌలుకు చేసే మనిషి నాకు ఫోనులో గొంతుగా తెలుసు, బ్యాంకు ఖాతాలో పడే డబ్బుగా తెలుసు. ఆయన భార్య ముఖం నేనెప్పుడూ చూడలేదు. ఎల్‌సీఏ 334 మిరప రకం గుంటూరు పక్కనున్న లాం ఫారంలో పుట్టిందని నాకు తెలుసు, నా చేలో ఏ రకం వేశారో తెలియదు. 1987-88లో పత్తికి తెల్లదోమ తగిలి ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో రైతులు చేనుకు తెచ్చిన పురుగుమందే తాగి చనిపోయిన రోజుల్ని కళ్ళారా చూసినవాణ్ణి. 2021లో నల్ల తామరపురుగు మిరప పూతను తినేసినప్పుడు పేపర్లో చదివి అయ్యో అనుకున్నవాణ్ణి. ఆ ఏడు కూడా కౌలు ముందే పూర్తిగా తీసుకున్నాను. ఇప్పుడు ఆ మనిషి పడిపోయింది నా చేలో మందు కొట్టే.

ఆ రాత్రే వాళ్ళింటికి వెళ్ళాను. అప్పటికే ఆస్పత్రిలో చూపించి తీసుకొచ్చారు, మనిషి కోలుకుంటున్నాడు. ఆమె మంచం వాల్చి కూర్చోమంది. సాయంత్రం జరిగిన మాట ఎత్తనే లేదు. నేనే డబ్బా అడిగి తీసుకొని దీపం వెలుతురులో చదవడం మొదలుపెట్టాను. చదవడమంటే ఏముంది, నాకూ అర్థం కాలేదు. డిగ్రీ చదివినవాణ్ణి అక్షరాలు కూడబలుక్కుంటూ కూర్చున్నాను.

తర్వాత అప్పటి రైతు భరోసా కేంద్రంలో ఉన్న కుర్రాడి దగ్గర నేర్చుకున్నాను. డబ్బా మీద మూల పైకి నిలబెట్టిన చదరం ఒకటి ఉంటుంది. దాని కింది సగానికి వేసిన రంగు చూసుకోవాలి. ఎరుపైతే అన్నిటికంటే ఘోరమైన విషం, పుర్రె బొమ్మ కూడా ఉంటుంది. పసుపు దాని తర్వాతిది. నీలం ఒక మోస్తరు. ఆకుపచ్చ తక్కువ విషం, అయినా ఒట్టి చేత్తో కలపడానికి లేదు. డబ్బాతో ఇచ్చే మడత కాగితంలో మోతాదు, విరుగుడు, మందు కొట్టాక కోతకు ఎన్నాళ్ళు ఆగాలో అన్నీ ఉంటాయి. మోతాదు చాలాసార్లు హెక్టారు లెక్కన రాస్తారు. మనవాళ్ళది ఎకరాల లెక్క. హెక్టారు అన్నచోట ఎకరం అనుకుంటే రెండున్నర రెట్ల మందు పడిపోతుంది. ఇంత సంగతి ఆ చిన్న అక్షరాల్లో ఉంటే, నేను ఆ గదిలో కూర్చొని జనం వచ్చి సంపాదకీయాలు చదవాలని చూశాను.

ఇప్పుడు దీపాలు పెట్టాక తెరుస్తున్నాను. నిశ్శబ్దం బోర్డు తీసేశాను. మందు డబ్బాలు బయట అరుగు మీద పెట్టి, కాగితాలు లోపలికి తెస్తారు. కోల్డ్ స్టోరేజీ బాండ్లు తెస్తారు. మిర్చి యార్డులో ఇచ్చిన అమ్మకం పట్టీలు తెచ్చి టిక్కీలు (బస్తాలు) ఎన్ని, తూకమెంత, కమీషన్ ఎంత పోయిందో చూడమంటారు. నేను ఒక్కొక్కటీ పైకి చదువుతాను, పక్కనున్నవాళ్ళు వింటూ తమ పట్టీలు తీసి చూసుకుంటారు. ఆ కౌలు రైతు కూతురు తొమ్మిదో తరగతి. మొన్న ఒకామె కొత్త డబ్బా తెస్తే ఆ పిల్ల నాకంటే ముందే అందుకొని, "పసుపు, అత్తా! చేతులకి తొడుగుల్లేకుండా కలపనీయకు మామని" అంది. ఆ మాట విన్నప్పుడు కలిగినంత సంతోషం ఉద్యోగంలో ఏ ప్రమోషనూ ఇవ్వలేదు నాకు.

నాకు ఏం వచ్చిందని అడిగితే చెప్పడానికి చాలా ఉంది. విరమణ తర్వాత నన్నెవరూ ఏదీ అడగని రోజులు కొన్ని గడిచాయి, అవి మనిషిని లోపల్నించి తినేస్తాయి. ఇప్పుడు దారిలో ఆపి అడుగుతారు. రాత్రి నిద్ర పడుతోంది. పుట్టిన ఊళ్ళో పేరు పెట్టి పిలవగల మనుషులు పెరిగారు. జ్వరమొచ్చి రెండు పూటలు రాలేకపోతే తాళంచెవి తీసుకుపోయి వాళ్ళే తెరిచారు, ఇంటికి జావ కాచి పంపారు. వీటన్నిటికంటే పెద్దది ఒకటుంది.

2019 నాటి ఆంధ్రప్రదేశ్ సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు సాగుదారు హక్కుల పత్రం రావాలంటే భూ యజమాని సంతకం కావాలి. ఒప్పందం పదకొండు నెలలకే, యజమాని హక్కుకు ఏ లోటూ ఉండదు. ఆ పత్రం ఉంటేనే కౌలు రైతుకు పంట రుణం, బీమా లాంటివి అడిగే దారి ఉంటుంది. నా కౌలు రైతు ఆ సంతకం అంతకు ముందెప్పుడో ఫోనులో అడిగాడు. భూమి పోతుందేమోనని భయపడి ఏదో ఒకటి చెప్పి దాటేశాను. ఒక రాత్రి అదే దరఖాస్తు కాగితం వేరొకరు తెస్తే, గదిలో అందరి ముందూ పైకి చదవాల్సి వచ్చింది. యజమాని హక్కులకు భంగం లేదన్న వాక్యం నా నోటితో నేనే చదివాను. చదువుతుండగా గొంతు పట్టేసింది. ఆయన ఎదురుగానే కూర్చొని ఉన్నాడు, ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి సంతకం పెట్టి ఇచ్చాను.

ఊళ్ళో చేను కౌలుకిచ్చి గుంటూరులోనో, ఒంగోలులోనో, హైదరాబాదులోనో ఉంటున్న నా తోటివారికి ఒక మనవి. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు గ్రంథాలయం తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగండి. దీపాలు పెట్టాక తెరిచి కూర్చోండి. మీ చేను చేసేవాళ్ళు ఆ పత్రం పట్టుకొని వస్తే, రేపు రమ్మనకుండా అక్కడే సంతకం పెట్టి పంపండి.