నన్నెవరూ తవ్వలేదు

మీ వైపు చెరువంటే దానికో కథ ఉంటుంది. ఫలానా రాజు తవ్వించాడంటారు, ఫలానా దొరసాని కట్ట పోయించిందంటారు. ఒక్కోచోట గట్టు మీద శాసనం కూడా ఉంటుంది. నాకు అలాంటిదేమీ లేదు. నన్నెవరూ తవ్వలేదు, కట్ట పొయ్యలేదు. అయినా నేను గుండ్రంగానే ఉంటాను, చుట్టూ తక్కువ ఎత్తు మట్టిగట్టు కూడా ఉంది. ఆ గట్టు చూసే చాలామంది మోసపోతారు.

ఇంగ్లండుకు తూర్పు కొసన నార్ఫోక్ కౌంటీ. అందులో థాంప్సన్ అనే పల్లె పోరంబోకులో ఉంటాను. నాలాంటి గుంటలు ఈ ఒక్క పోరంబోకులోనే 400కి పైగా ఉన్నాయి. ఒకదాన్నొకటి ఒరుసుకుని, కొన్నిచోట్ల ఒకదాని గట్టు మీదికి ఇంకొకటి ఎక్కి, ఎడాపెడా ఉంటాం. పెద్దమనుషులు మమ్మల్ని పింగోలంటారు. నిజానికి మేం పింగోలం కాదు, పింగోలు కూలగా మిగిలిన గుంటలం.

సుమారు 20 వేల ఏళ్ల కిందటి మాట. ఉత్తరం నుంచి దిగొచ్చిన మంచుపలక నార్ఫోక్ ఉత్తర తీరం దాకా వచ్చి ఆగిపోయింది. అది మా మీదికి వచ్చుంటే నేను పుట్టేదాన్నే కాదు. మంచుయుగం అనగానే కొండంత మంచు కప్పేసిన దేశాన్ని ఊహించుకుంటారు గానీ మా దగ్గర ఉన్నది అది కాదు. ఇక్కడ నేలే గడ్డకట్టింది. లోపలి మట్టి, ఇసుక, అందులోని తేమ అన్నీ ఏడాది పొడవునా రాయిలా బిగుసుకుని ఉండేవి. ఇప్పుడు ఉత్తర సముద్రం ఉన్నచోట అప్పుడు సముద్రం లేదు. హాలెండు దాకా మెట్టనేలే.

మా కింద సుద్దరాయి ఉంది. వాన నీళ్లను పీల్చుకుని దాచుకునే రాయి అది. పైన నేల బిగుసుకుపోయినా ఆ రాయిలో ఊట ఆగలేదు. పక్కనున్న మెరక నుంచి వచ్చే ఒత్తిడికి నీళ్లు పైకి తన్నేవి. పైనేమో దారి మూసేసి ఉంది. ఎక్కడ కాస్త సందు దొరికితే అక్కడికి ఎగబాకి, గడ్డకట్టిన పొర అడుగుకు చేరి, అక్కడే మంచుగడ్డగా మారేవి. దాని కిందికి మళ్లీ నీళ్లు, మళ్లీ మంచు. అలా ఏళ్ల తరబడి లోపల మంచు పెరుగుతూ పోతే పైనున్న నేల ఉబ్బి దిబ్బ అయింది. నేను మొదట గుంటను కాదండీ, దిబ్బను.

వేసవి వచ్చినప్పుడల్లా దిబ్బ మీద పైపైన జానెడో మూరెడో మట్టి కరిగేది. కింద మంచు మాత్రం కరగదు కదా, నీళ్లు ఇంకే దారి లేదు. ఆ మట్టి గుజ్జుగుజ్జుగా తయారై పక్కలకు జారి అంచుల్లో పేరుకునేది. నా నెత్తి మీది మట్టి ఏటేటా ఇలా నా పాదాల దగ్గరికి చేరింది. ఇప్పుడు మీరు చూసే గట్టు అదే. సుమారు 11,700 ఏళ్ల కిందట చలి వెనుదిరిగేనాటికి నడినెత్తిన మంచును కాపాడే మట్టి పెద్దగా మిగల్లేదు. మంచు కరిగింది, నడుమ కూలింది, అంచు మిగిలింది.

నా తోటివాళ్లలో ఇంకా దిబ్బలుగానే ఉన్నవాళ్లున్నారు. కెనడా ఉత్తరాన టక్టోయాక్టక్ పరిసరాల్లో 1,350 దాకా పింగోలు లెక్కకొస్తాయి. వాటిలో ఇబ్యుక్ అనేది 49 మీటర్ల ఎత్తు. రాస్ మెకే అనే భూగోళ శాస్త్రవేత్త ఆ పింగోల చుట్టూ దాదాపు యాభై ఏళ్లు తిరిగాడు. అవి ఎలా పెరుగుతాయో, ఎలా కూలతాయో ఆయన అక్కడ కొలిచి చెప్పాడు కాబట్టే ఇక్కడ మా పుట్టుపూర్వోత్తరాలు అర్థమయ్యాయి. బెల్జియంలో హోట్ ఫాన్య్ అనే మెట్ట మీద మాలాంటి గుంటలే ఉన్నాయి. వాటిని మొదట మనుషులు తవ్విన చేపల చెరువులనుకున్నారు, తర్వాత పింగోలన్నారు, ఇప్పుడు లిథాల్సాలనే మరో రకం మంచుదిబ్బల ఆనవాళ్లంటున్నారు. పేర్ల తగాదా పండితులదే, మాకేం ఇబ్బంది లేదు.

కరిగిపోయిన చలి ఒక్క గుంటల్నే వదిలిపోలేదు. మేమున్న బ్రెక్‌ల్యాండ్ ప్రాంతపు బీళ్లలో వాలు మీద హెదర్ పొద ఒక చార, గడ్డి ఒక చార, మళ్లీ హెదర్, మళ్లీ గడ్డి ఉంటాయి. ఎవరో నాటినట్టే ఉంటుంది. గడ్డకట్టడం, కరగడం అనే ఆ కుదుపుల్లో ఇసుకా సుద్దా వేరుపడి బారులు తీరాయి. ఇసుక మీద హెదర్, సుద్ద దగ్గరగా ఉన్నచోట గడ్డి మొలిచాయి. ఇవి చూడముచ్చటైన గుర్తులు. కొన్ని గుర్తులు అలా ఊరుకోవు. 1960ల్లో కెంట్ కౌంటీలో సెవెనోక్స్ ఊరికి బైపాస్ రోడ్డు వేస్తుంటే, ఎంతో నెమ్మదిగా కనిపించే వాలు ఉన్నట్టుండి జారింది. మంచుయుగంలో గుజ్జయి జారిన బంకమట్టి, అప్పటి జారుడు పొరలతో సహా లోపల పడుంది. తవ్వేసరికి మళ్లీ కదిలింది. దాంతో రోడ్డు దారే మార్చుకోవాల్సి వచ్చింది. లండన్ నగరం కింద కూడా మట్టితో పూడిన లోతైన గుంటలు బయటపడ్డాయి. వాటిలో కొన్ని పింగోల అవశేషాలు కావచ్చని హచిన్సన్ అనే ఇంజనీరు 1980లో రాశాడు. సొరంగాలు తవ్వేవాళ్లకు అవంటే ఇప్పటికీ గుండెదడ.

నేను మిగిలింది నా గొప్పతనం వల్ల కాదు. ఈ నేల ఊరుమ్మడిది, గతుకులది, చిత్తడిది. నాగలి పెట్టడానికి పనికిరాదని పశువుల మేతకు వదిలేశారు. కంచె అవతల పట్టాభూముల్లో పడిన నా అన్నదమ్ములను ఏం చేశారో తెలుసా? గట్టు తోసి గుంటలో పోశారు. చదును చేసి గోధుమలు, బార్లీ వేశారు. వందల ఏళ్లుగా ఇదే తంతు. పనికిరాని భూమి అనిపించుకోవడం కంటే పెద్ద రక్ష నాకు ఇంకేదీ దొరకలేదు.

అలా పూడిపోయిన నా అన్నదమ్ములు చచ్చిపోయారనుకున్నాను. లండన్ యూనివర్సిటీ కాలేజీవాళ్లు నార్ఫోక్‌లోనే పూడిపోయిన మూడు గుంటలను తిరగతోడి, ఏం జరిగిందో 2017లో ప్రకటించారు. ఇవి 45 నుంచి 150 ఏళ్ల దాకా పొలాల అడుగున ఉన్నవి. ఆరు నెలల్లో ఎనిమిది రకాల నీటిమొక్కలు మొలిచాయి. ఎవరూ నాటలేదు, అడుగు ఒండ్రులో ఉన్న విత్తనాలే మొలకెత్తాయి. ఈమధ్య నార్ఫోక్ వైల్డ్‌లైఫ్ ట్రస్టువాళ్లు మా పక్క పొలం కొని, అక్కడ పూడిన పింగోలను పొక్లెయిన్లతో తెరిపిస్తున్నారు. పాత నల్ల ఒండ్రు కనబడగానే తవ్వడం ఆపెయ్యాలి. అంతకంటే లోతుకు పోతే విత్తనాలూ పోతాయి.

నా ఇంట్లో కాపురం ఉండేవాళ్ల గురించి చెప్పకపోతే వాళ్లు అలుగుతారు. నేను కొన్ని వేసవుల్లో పూర్తిగా ఎండిపోతాను కాబట్టి చేపలు నిలవవు. చేపల్లేనిచోట పెంకుపురుగులది రాజ్యం. దేశంలో అరుదైన నీటిపురుగులు ఎన్నో మా గుంటల్లో ఉన్నాయి. శీతాకాలం వానలు కురిసినప్పటికంటే అవి తగ్గిన కొన్నాళ్లకు నా నీళ్లు పెరుగుతాయి, అడుగు నుంచి తేటగా ఊరి పైకొస్తాయి. ఆ నీళ్లలో వాటర్ వయొలెట్ లేత ఊదా పూలు పూస్తుంది.

పూల్ ఫ్రాగ్ అనే కప్ప కథ వేరు. ఇంగ్లండులో దాని ఆఖరి నివాసం మా పోరంబోకే. ఎవరో యూరప్ నుంచి తెచ్చి వదిలిన జాతి అని చాలాకాలం దాన్ని పట్టించుకోలేదు. ఆఖరి కప్ప 1999లో మనుషుల సంరక్షణలో ఉండగానే చనిపోయింది. పాత ఎముకలు, జన్యువులు, దాని అరుపు పరిశీలిస్తే తేలిందేమిటంటే, అది ఈ నేలదే, నార్వే, స్వీడన్ కప్పలకు రక్తసంబంధి. పోయాక పౌరసత్వం ఇచ్చారన్నమాట. 2005లో స్వీడన్ నుంచి కప్పలు తెచ్చి నార్ఫోక్‌లోనే మరోచోట వదిలారు. 2015 నుంచి మా దగ్గరికీ తెచ్చారు. మగకప్ప ఆకు మీద ఎండలో కూచుని, రెండు బుగ్గల పక్కనా తెల్లటి బుడగలు ఊదుతూ బాతులా అరుస్తుంది. చలి పుట్టించిన గుంటను నేను, ఈ కప్పకేమో ఎండ లేకపోతే పొద్దుపోదు. అందుకే నా ఒడ్డున చెట్లు నరికి ఎండ పడేలా చేశారు. పశువులు పొదలు మేస్తూ ఆ ఎండను కాపాడుతున్నాయి.

చూడ్డానికి రండి, పాత రైలుకట్ట మీదుగా కాలిబాట ఉంది. వచ్చేముందు బూట్లు కడిగి ఆరబెట్టుకోండి, వేరే చెరువు కలుపుమొక్క ముక్క ఒక్కటి అంటుకొచ్చినా నన్ను కప్పేస్తుంది. పేలమందు రాసిన కుక్కను నీళ్లలోకి దింపకండి, ఆ మందు నా పురుగులను చంపుతుంది. సరదాకి చేపపిల్లలను మాత్రం అస్సలు తెచ్చి వదలొద్దు.