పడగ్గదిలో బొగ్గుగని

కష్టపడకుండా డబ్బు రావాలన్నది మనవాళ్ల పాత కోరికే. లంకెబిందెల కోసం పాడుబడ్డ గుళ్లలో గోతులు తీసినవాళ్లూ, రైస్ పుల్లింగ్ చెంబు కోసం పొలాలు తెగనమ్ముకున్నవాళ్లూ మన జిల్లాలకు కొత్త కాదు. పాపం వాళ్లకు కాస్త సిగ్గుండేది, ఆ పని అర్ధరాత్రి గుట్టుగా కానిచ్చేవారు. ఇంజనీరింగ్ చదివినవాడికి ఆ బెరుకు లేదు. పట్టపగలు, క్రెడిట్ కార్డు మీద, నెలసరి వాయిదాల్లో తవ్వుతాడు. తవ్వేది క్రిప్టో కాయిన్లు. తవ్వే చోటు పడగ్గది. తవ్వే గునపం ఆరు గ్రాఫిక్స్ కార్డులు.

ఈ గని తెరవడానికి ప్రభుత్వ లీజు అక్కర్లేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ సామాను అమ్మే సి.టి.సి. దాకా వెళ్లొచ్చే ఓపిక, బిల్లు ఎంతయిందో ఇంట్లో చెప్పకుండా దాటేసే నేర్పు ఉంటే చాలు. ఆరేడు కార్డులు తగిలించగల మదర్‌బోర్డు కావాలి. దాని మీదికి షాపులో ఉన్నవాటిలోకెల్లా చవక ప్రాసెసర్ సరిపోతుంది. ఆలోచించే పని ఈ వ్యవహారంలో ఎవరికీ లేదు, ప్రాసెసర్‌కు అసలే లేదు. రెండు పవర్ సప్లైలు, కార్డుకొకటి చొప్పున, దాన్ని బోర్డుకు కలిపే రైజర్ కేబుళ్లు. వీటన్నిటినీ నిలబెట్టడానికి ఒక ఫ్రేము. బెజవాడ వాస్తవ్యులైతే ఆటోనగర్‌లో ఏ వెల్డింగ్ షాపువాడైనా ఇనప యాంగిళ్లతో చేసిపెడతాడు. ఇంటికి తెచ్చాక అమ్మ చూసి, "గిన్నెల స్టాండు మనకుంది కదరా, మళ్లీ ఎందుకూ?" అంటుంది. ఆవిడకు బ్లాక్‌చెయిన్ గురించి చెప్పబోవద్దు. చెప్పేవాడికే ఇబ్బంది.

రైజర్లకు కరెంటిచ్చేటప్పుడు సాటా వైరు వాడొద్దని తెలిసినవాళ్లు మొత్తుకుంటారు. ఆ కనెక్టరు మోయగలిగింది 54 వాట్లు. కార్డు తన స్లాటులోంచి 75 వాట్ల దాకా గుంజుకోగలదు. కానీ ఆ వైరు డబ్బాలో ఉచితంగా వచ్చింది. నాలుగు లక్షలు పోసి కార్డులు కొన్నవాడు వైరు దగ్గర పొదుపు చేయకపోతే ఎలా? రెండో వారంలో ప్లాస్టిక్ కాలిన కంపు కొడుతుంది. "ఏమండీ, పొయ్యి మీద ఏదైనా పెట్టారా?" అని హాల్లోంచి వాళ్లావిడ అడుగుతుంది. పెట్టారు తల్లీ, సంసారాన్ని.

ఇంతకీ ఈ యంత్రం చేసే పనేమిటి? ఒక అంకెను ఊహిస్తుంది. తప్పయితే ఇంకోటి. మళ్లీ తప్పు, మళ్లీ ఇంకోటి. సర్దుబాట్లన్నీ చేసుకున్న 3060 టీఐ కార్డు ఈథీరియం అనే క్రిప్టో నెట్‌వర్క్ కోసం సెకనుకు 6 కోట్ల సార్లు ఇలా ఊహించేది. ప్రపంచంలో ముందుగా సరైన అంకె దొరికినవాడికి రెండు ఈథర్లు (దాని కాయిన్లు), మిగతావాళ్లకు కరెంటు బిల్లు. ఆ లెక్కలతో రేపు వానొస్తుందో రాదో తెలియదు, ఒక్క జబ్బుకూ మందు దొరకదు. లెక్క చేశానని రుజువు చూపించడానికే ఆ లెక్క. సగం రోజు ఏం చేశామో మిగతా సగం రోజు రిపోర్టులు రాసే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు ఈ సూత్రం ఇట్టే తలకెక్కడంలో వింతేమీ లేదు.

2022 మే నాటికి ఈథీరియం లెక్కలు చేస్తున్న యంత్రాలన్నిటి బలంలో, మన ఆరు కార్డుల వాటా సుమారు 28 లక్షల వంతుల్లో ఒక వంతు. ఒంటరిగా కూర్చుంటే ఏడాది దాటాక ఒక బహుమతి తగలొచ్చు, తగలకపోవచ్చు. అందుకని పూల్‌లో చేరతారు. వేలాది మంది ఊహలను కలిపి, వచ్చినదాన్ని వాటాలేసి, అందులో తన కమీషన్ మినహాయించుకుని పూల్ వాడు చిల్లర విదిలిస్తాడు. ఆ చిల్లర రోజూ ఫోనులో పెరుగుతూ కనబడుతుంది. దశాంశ బిందువు తర్వాత ఐదో స్థానంలో పెరుగుతుంది, అయినా పెరుగుతుంది. బాత్రూంలో చూసుకుంటాడు, మీటింగులో చూసుకుంటాడు.

తొమ్మిది వందల వాట్ల యంత్రం. రాత్రీ పగలూ నడిస్తే నెలకు దాదాపు 650 యూనిట్లు. ఆ వాట్లన్నీ చివరికి వేడిగా మారి గదిలోకే వస్తాయి, ఒక్క వాటు కూడా బయట తిరిగి రాదు. సైబీరియాలో ఇర్కుట్స్క్ వైపు జనం గరాజుల్లో ఈ యంత్రాలు పెట్టుకున్నారంటే అర్థముంది. అక్కడ కరెంటు కారుచవక, చలికాలం గడ్డకట్టే చలి, కాయిన్లు రాకపోయినా గదైనా వెచ్చబడుతుంది. మే నెల బెజవాడలో గది వెచ్చబెట్టుకోవాలన్న ఆలోచన ఏ మహానుభావుడిదో కనుక్కోవాలి. దీనికి విరుగుడుగా ఏసీ. యంత్రం కాగబెట్టేదీ, ఏసీ చల్లార్చేదీ ఒకే మీటరు మీద. ఆంధ్రలో నెలకు 400 యూనిట్లు దాటితే యూనిట్‌కు 9 రూపాయల 75 పైసలు. ఇంటి వాడకం మీద ఈ 650 వచ్చి కూర్చుంటే ఆరువేల పైచిలుకు, ఏసీ సంగతి వేరు. ఆపైన ట్రూఅప్ ఛార్జీలు. ఎప్పుడో వాడేసిన కరెంటుకు ఇప్పుడు మళ్లీ డబ్బులడిగే ఆ పద్ధతిని చూశాక, క్రిప్టోను మించిన మాయ ఉండదన్న నా నమ్మకం కొంచెం సడలింది.

ఆ కరెంటు మాత్రం ఆకాశంలోంచి ఊడిపడదు. ఊరవతల ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ చిమ్నీలు ప్రకాశం బ్యారేజీ మీద నిలబడితే కనిపిస్తూనే ఉంటాయి. కిలో బొగ్గుకు ఒకటిన్నర యూనిట్ల లెక్కన వేసుకున్నా, పడగ్గదిలోని యంత్రం నెలకు నాలుగు క్వింటాళ్ల పైన బొగ్గు తినేస్తుంది. ఆ బొగ్గు సింగరేణి నుంచీ, తాల్చేరు నుంచీ వస్తుంది. అక్కడ కొన్ని గనుల్లో మనుషులు నెత్తిన హెల్మెట్టు, దానికో లైటు పెట్టుకుని, పైకప్పు ఎప్పుడు కూలుతుందో తెలియని సొరంగాల్లోకి షిఫ్టుల ప్రకారం దిగుతారు. వాళ్లు పైకి పంపిన బొగ్గును మనవాడు లుంగీ కట్టుకుని, చిప్స్ నములుతూ అంకెలు ఊహించడానికి తగలేస్తాడు. తగలేసి, ఫేస్‌బుక్కులో తన పేరు కింద 'మైనర్' అని రాసుకుంటాడు. 2022 ఏప్రిల్‌లో కరెంటు చాలక ఆంధ్రలో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. నూలు మిల్లు ఆగింది, మనవాడి గని ఆగలేదు. ఎప్పుడైనా ఇంటికి కోత పెడితే కరెంటాఫీసుకు ఫోన్ చేసి, దేశ ఆర్థిక వ్యవస్థకు ఎంత నష్టమో విడమరిచి చెప్పేవాడు.

కార్డుల కంపెనీల మంచితనం గురించి చెప్పకపోతే పాపం చుట్టుకుంటుంది. ఆటలాడుకునే పిల్లలకు కార్డులు దొరకడం లేదని గోల పుట్టాక, ఎన్విడియా 2021 ఫిబ్రవరిలో 3060 కార్డుకు ఒక కళ్లెం వేసి వదిలింది. ఈథీరియం లెక్క చేస్తున్నట్టు పసిగడితే వేగం సగానికి పడిపోతుందన్నమాట. నెల తిరక్కుండానే ఆ కంపెనీయే విడుదల చేసిన ఒక డ్రైవరు ఆ కళ్లెం ఊడదీసింది, పొరపాటునట. అంతకుముందు ఆదాయంలో మైనింగ్ వల్ల పెరిగిందెంతో మదుపరులకు సరిగా చెప్పలేదని అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీ అభియోగం మోపితే, 2022 మేలో 55 లక్షల డాలర్లు కట్టి బయటపడింది. ఆ కంపెనీకి అది కాఫీ ఖర్చు.

ఇక మన సర్కారు. 2022 బడ్జెట్‌లో ఈ కాయిన్ల లాభాల మీద 30 శాతం పన్ను వేశారు. జులై నుంచి లావాదేవీకి ఒక శాతం టీడీఎస్. పన్ను వేసినంత మాత్రాన దీన్ని చట్టబద్ధం చేసినట్టు కాదని ఆర్థికమంత్రి రాజ్యసభలోనే సెలవిచ్చారు. చేస్తున్నది తప్పో ఒప్పో తర్వాత తేలుస్తాం, ముందు మా వాటా అక్కడ పెట్టు అని దాని తాత్పర్యం. అసలు గమ్మత్తు ప్రభుత్వం లోక్‌సభలో ఇచ్చిన సమాధానంలో ఉంది. మైనింగ్ కోసం పెట్టుకున్న సరంజామా ఖర్చును కాయిన్ కొన్న ఖరీదుగా లెక్కలోకి తీసుకోరు. కార్డులు మీ ఇష్టం, బిల్లు మీ కర్మ, కాయిన్ మాత్రం గాల్లోంచి పుట్టింది. పదివేల రూపాయల కాయిన్లు అమ్మారనుకోండి. అందులో ఆరువేలు కరెంటు వాళ్లకు పోయాయని మొరపెట్టుకున్నా వినరు, పదివేల మీదా పన్ను మూడువేలు. మిగిలిన వెయ్యిలో ఏసీ, పూల్ కమీషను, కాలిన వైరు. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో సర్దుకుందామన్నా కుదరదు. దేశంలో ఏ వ్యాపారికీ దొరకని ఈ ప్రత్యేక గౌరవాన్ని మనవాడు 'ప్రభుత్వం గుర్తించింది' అని వాట్సాప్‌లో పంచుకుని సంబరపడ్డాడు.

ఇన్ని దాటుకుని నిలబడ్డ గనిని చివరికి మూసింది పోలీసులూ కాదు, పన్నువాళ్లూ కాదు. 2022 సెప్టెంబర్ 15న ఈథీరియం తన పద్ధతి మార్చుకుంది. దాని వాడకంలో దాదాపు 99.95 శాతం కరెంటు ఒక్కసారిగా మిగిలిపోయింది. అప్పటిదాకా తగలేసిందంతా దేనికని అడిగే తీరిక ఎవరికీ లేదు. పాత పద్ధతిలో పని చేశానని నిరూపించుకోవాలి, కొత్త పద్ధతిలో డబ్బున్నవాణ్నని నిరూపించుకుంటే చాలు. 32 ఈథర్లు కుదువబెట్టినవాడు గద్దె మీద కూర్చుంటాడు, కార్డులు పెట్టినవాడు లేచి వెళ్లిపోవాలి. పేదవాడికి కూడా అవకాశమంటూ మొదలైన ధర్మసత్రం ఏడేళ్లలో కరణంగారి అరుగయింది. ఇందులో మోసం జరిగిందనడానికీ లేదు. ఎప్పటికైనా మారతామని వాళ్లు మొదట్నుంచీ చెబుతూనే ఉన్నారు, గడువు దాటితే మైనింగ్ దానంతటదే కష్టమైపోయేలా 2015లోనే ఒక బాంబును ప్రోగ్రాములో అమర్చుకున్నారు కూడా. ఆ ముక్క మనవాణ్ని ఈ గనిలోకి దింపిన వీడియోలో చెప్పలేదు. వీడియోలో చెప్పింది రోజుకెంత వస్తుందో, కింద లింకులో కార్డులు ఎక్కడ కొనాలో.

అనాథలైన కార్డులు చిన్నాచితకా కాయిన్ల గుమ్మాల ముందుకు పోయి నిలబడ్డాయి. అందరూ ఒకేసారి వెళ్లేసరికి అక్కడా తొక్కిసలాట, వచ్చేది కరెంటు ఖర్చుకు కూడా చాలదు. దాంతో సెకండ్ హ్యాండ్ బజారు. "ఒకే చేతి మీద వాడినది. వారాంతాల్లో గంటసేపు ఆటలు మాత్రమే ఆడాం." ఏడాదిన్నర పాటు రెప్ప వాల్చకుండా ఊహించిన కార్డుకు ఫ్యాను బేరింగులు అరిగి కీచుమంటున్నాయి. ఫొటోలో ఆ శబ్దం రాదు కాబట్టి ఫరవాలేదు. అదే ఊళ్లో ఒక డిగ్రీ పిల్లవాడు వాళ్ల నాన్నను బతిమాలి దాన్ని సగం ధరకు కొనుక్కుంటాడు. ఈ మొత్తం కథలో కార్డును దేనికి తయారుచేశారో దానికి వాడింది ఆ పిల్లవాడొక్కడే.

గని యజమాని చతికిలబడ్డాడనుకుంటున్నారేమో. మొన్ననే కొత్త లెక్కతో వచ్చాడు. ఇప్పుడంతా ఏఐ గనక మళ్లీ కార్డులు కొని, వాటిని గంటల చొప్పున ఏఐ వాళ్లకు అద్దెకిస్తాడట. కరెంటు సంగతేమిటయ్యా అంటే, దానికీ జవాబుంది. మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టిస్తాడు, కేంద్రం 78 వేలు సబ్సిడీ ఇస్తుంది, మిగతాది బ్యాంకు లోను, కరెంటు ఫ్రీ.

"ఆ పలకలు రోజుకిచ్చేది పన్నెండు యూనిట్లు. నీ యంత్రం తినేది ఇరవై ఒకటి పైనే కదా?"

"రోజులన్నీ ఒకేలా ఉంటాయా అండీ," అన్నాడు.