తేమాచారి

పాలిమర్ ల్యాబు ఉన్న ప్రతి చోటా ఒక తేమాచారి ఉంటాడు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది గానీ ఎవరూ వాడరు. ఎపాక్సీ ముక్కల్ని నీళ్లలో నానబెట్టడం, తీయడం, తుడవడం, తూచడం, మళ్లీ నానబెట్టడం. పీహెచ్‌డీ మొత్తం ఇదే. మినప్పప్పు నానబోసినవాళ్లకు మర్నాటికి గారెలైనా దక్కుతాయి. ఇతనికి దక్కేది గ్రాఫు మీద ఒక చుక్క.

తూచేటప్పుడు అతన్ని పలకరించకూడదు. గ్రాములో పదివేలో వంతు చూపే త్రాసు మరి, ఫ్యాను తిరిగినా అంకెలు గంతులేస్తాయి. ముక్కను టిష్యూతో ఎలా అద్దాలో జూనియర్లకు గంటసేపు క్లాసు పీకుతాడు. వాళ్లు నవ్వుకుంటారు గానీ, అతని చాదస్తంలో న్యాయముంది. ఎపాక్సీలు సాధారణంగా తమ బరువులో 1 నుంచి 5 శాతం దాకా నీరు పీలుస్తాయి. రెండు గ్రాముల ముక్క ఒక శాతం పీల్చిందంటే పెరిగేది 20 మిల్లీగ్రాములే. తుడవకుండా వదిలేసిన ఒక్క నీటిబొట్టు అంతకన్నా బరువు.

రాహుకాలం చూడడు, వర్గమూలం చూస్తాడు. మొదట్లో బరువు కాలం వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కనుక 1, 4, 9, 16, 25వ రోజుల్లో తూకం. వాళ్లమ్మ పెళ్లిచూపులు పదహారో రోజుకు ఖాయం చేస్తే, "పదిహేడుకు మార్చమ్మా" అన్నాడు.

గైడుగారు ఓ రోజు, "మందం రెండు మిల్లీమీటర్లు చాలదయ్యా, నాలుగు చేద్దాం" అన్నారు. రెట్టింపే కదా అని చుట్టూ ఉన్నవాళ్లు అనుకున్నారు. తేమాచారి ముఖం పాలిపోయింది. మందం రెట్టింపైతే నీరు నిండడానికి పట్టే కాలం నాలుగింతలు!

ఇంతకీ ఆ కాస్త నీరు చేసేదేమిటంటే, ఎపాక్సీ రెజిన్ గొలుసుల మధ్య దూరి వాటి పట్టు సడలిస్తుంది. మెత్తబడే ఉష్ణోగ్రత, అదే టీజీ, ఒక్క శాతం నీటికి ఇంచుమించు 20 డిగ్రీలు పడిపోవచ్చు. విమాన భాగాలకు వాడే రెజిన్‌ను వేడిలోనూ తడిలోనూ కలిపి పరీక్షించేది అందుకే. స్నేహితుడి పెళ్లికి అందరూ రెజిన్ గడియారం కొనిస్తే, తేమాచారి మాత్రం దాన్ని బాత్‌రూము గోడకు తగిలించవద్దని కాగితం అతికించి ఇచ్చాడు.

రెజిన్, హార్డెనర్ మిశ్రమాల దగ్గర మాత్రం అతనిలో శ్రీకాకుళం పౌరుషం పొంగుతుంది. జీడిపెంకు నూనెలోంచి వచ్చే కార్డనాల్‌కు 15 కార్బన్ల తోక ఉంటుంది, దానికి నీళ్లంటే గిట్టదు. దాంతో తయారైన ఫెనాల్కమైన్ హార్డెనర్లు తేమలోనూ గట్టిపడతాయి, ఓడల పూతల్లో వాడతారు. పలాస నుంచి ఎవరైనా జీడిపప్పు తెస్తే పప్పు అందరికీ పంచేసి, "పెంకులేవండీ?" అంటాడు.

చివరికి ముక్కల్లో నీరు నిండి గ్రాఫు చదునైంది. ముక్కల్ని ఓవెన్‌లో ఆరబెట్టి తూచాడు. బరువు మొదటి రోజుకన్నా తక్కువ! రెజిన్‌లోంచి ఏదో నీళ్లలోకి జారిపోయింది. అదేమిటో కనుక్కోమని గైడుగారు ఇంకో ఆర్నెల్లు పొడిగించారు. పెళ్లివారికి మాత్రం వాళ్లమ్మ, "థీసిస్ టైపింగులో ఉందండీ" అని చెబుతోంది.