రూ. 22.42 విస్తరి

మా అపార్ట్‌మెంట్‌లో కుక్కలున్నవాళ్ళు రెండు మఠాలుగా చీలిపోయి చాన్నాళ్ళయింది. ఒకటి సంచి మఠం, రెండోది కుక్కర్ మఠం. కుక్కకి ఇంట్లో వండిపెట్టడం మూఢనమ్మకమని సంచి మఠం వాళ్ళంటారు. కంపెనీ సంచిలోది పొయ్యడం కన్నబిడ్డకి గడ్డి పెట్టడమేనని కుక్కర్ మఠం వాళ్ళంటారు. లిఫ్ట్‌లో ఇద్దరు పీఠాధిపతులూ ఎదురుపడితే కుక్కలు ఒకదాన్నొకటి వాసన చూసుకుని తోకలూపుకుంటాయి. మనుషులు మాత్రం ఫోన్లలోకి తలలు దించుకుంటారు. బెంగళూరు మారతహళ్ళిలో కాపురముండబట్టి, శైవవైష్ణవ తగాదాలు ఎలా ఉండేవో పుస్తకాల్లో వెతుక్కునే శ్రమ నాకు తప్పింది.

మా పై ఫ్లాట్ కుక్కర్ మఠానికి మూలపీఠం. ఇంటివాళ్ళు శాకాహారులు, కుక్క కాదు. ఆ ధర్మసంకటాన్ని బాల్కనీలోకి తోసేశారు. అక్కడో ఇండక్షన్ స్టవ్వు, మూడు లీటర్ల కుక్కరు, దాని మూత మీద ఎర్ర నెయిల్ పాలిష్ బొట్టు. బొట్టున్నది వంటింట్లోకి రాకూడదు, బొట్టు లేనిది బాల్కనీలోకి పోకూడదు. మా అమ్మమ్మ మడి కట్టుకున్న రోజుల్లో కూడా ఇంత కట్టుదిట్టం చూడలేదు. పొద్దున్నే వంటావిడ వచ్చి పావు కిలో బోన్‌లెస్, కప్పు బియ్యం, క్యారెట్టు, గుమ్మడికాయ ముక్కలు పడేసి నాలుగు విజిల్స్ రానిస్తుంది. ఇంటివాళ్ళు ముక్కులు మూసుకుని, వచ్చేది కోడి వాసన కాదు ప్రేమ వాసన అని సర్దిచెప్పుకుంటారు. దించాక పైన రెండు చెంచాల నెయ్యి. కుక్క పొట్టలో నెయ్యి ఇమడదని మన పెద్దవాళ్ళు ఊరికే చెప్పిన మాటనే పశువైద్యులిప్పుడు ప్యాంక్రియాటైటిస్ అని పేరుపెట్టి చెబుతున్నారు. తేడా ఫీజులోనే.

ఇదంతా తినే ప్రాణి ఆరు కిలోల షిట్జూ. దానికి రోజుకెంత కావాలో ఓ లెక్కుంది. బరువుని 0.75 ఘాతానికి ఎత్తి 70తో గుణించాలి, సంతానం కలగకుండా ఆపరేషనయిన పెద్ద కుక్కయితే వచ్చినదాన్ని మళ్ళీ 1.6తో గుణించాలి. ఈ షిట్జూకి 430 కేలరీల దగ్గర తేలుతుంది. ఎర్రబొట్టు కుక్కరు 700 దాటడానికి నెయ్యి దాకా పోనక్కర్లేదు, బియ్యం దగ్గరే దాటిపోతుంది. ఇంటాయన పొద్దుగూకులూ ఆఫీసులో చేసేది డేటా సైన్స్. కుక్క గిన్నె దగ్గరికొచ్చేసరికి ఆయన కొలమానం గరిటె. “ప్రేమకి తూకమేంటండీ!” అన్నాడోసారి నాతో. ప్రేమకి లేదేమో గానీ షిట్జూకి ఉంది. అది ఇప్పుడు నడవడం మానేసి దొర్లుతోంది.

ఎక్కువైనది కళ్ళకి కనిపిస్తుంది. తక్కువైనదే కనపడదు. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పశువైద్యులు కుక్కల ఇంటివంటల పద్ధతులు 200 పోగేసి, ఒక్కోదాన్నీ పోషకాల పట్టికతో సరిచూశారు. పుస్తకాల్లోవి, ఇంటర్నెట్‌లోవి, కొన్ని సాక్షాత్తూ పశువైద్యులు రాసినవి. 95 శాతం వంటల్లో కనీసం ఒక్క పోషకమైనా చాలినంత లేదు. కోడి మాంసంలో భాస్వరం మెండు, కాల్షియం దాదాపు సున్నా. ఏళ్ళ తరబడి బోన్‌లెస్సూ అన్నమూ పెడితే ఆ సున్నా గిన్నెలో తేలదు, కాళ్ళ ఎముకల్లో తేలుతుంది.

సంచి మఠం ఈ మాట వినగానే ఎగిరి గంతేస్తుందని తెలుసు. ఆగండి, మీ దగ్గరికే వస్తున్నా.

పేస్టంటే కోల్గేట్ అన్నట్టు, మనవాళ్ళు ఏ కంపెనీ సంచి తెచ్చినా ‘పెడిగ్రీ పెడుతున్నాం’ అనే అంటారు. సంచి ముందువైపు మంచుకొండల మధ్య తోడేలు బొమ్మ. వెనక్కి తిప్పితే చీమ తలకాయంత అక్షరాల్లో ధాన్యాలు, ధాన్యాల ఉప ఉత్పత్తులు, కోడి, కోడి ఉప ఉత్పత్తులు. ముందు తోడేలు, వెనక మొక్కజొన్న. ఆ ‘ఉప ఉత్పత్తులు’ చూసి కుక్కర్ మఠం వాళ్ళు గుండెలు బాదుకుంటారు. అవి కార్జం, కందనకాయల లాంటివేనయ్యా! ఆదివారం పూట కందనకాయల వేపుడుకి లొట్టలేసే జాతికి కుక్క తింటే అసహ్యమా?

ఈ సంచి పుట్టుక 1860ల నాటిది. జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ లండన్‌లో కుక్కల బిస్కెట్లు చేసి అమ్మాడు. రేవులో కుక్కలు ఓడవాళ్ళ ఎండు రొట్టెముక్కల కోసం ఎగబడటం చూసి ఆయనకీ ఆలోచన వచ్చిందని చెప్పుకుంటారు. ఊరికే పారేసినదాన్ని తిన్న కుక్కని చూసి దానికి ధర కట్టినవాడు సామాన్యుడు కాడు. కానీ అమ్మాలంటే బిస్కెట్టు ఒక్కటే చాలదు, ఇంట్లో మిగిలిన అన్నం మీద అనుమానం కూడా అమ్మాలి. అమెరికాలో 1958లో పెట్టుకున్న పెట్ ఫుడ్ ఇన్‌స్టిట్యూట్ ఆ పని నిష్ఠగా చేసింది. బల్ల మీద మిగిలింది కుక్కకి పెట్టడం పాపమని జనానికి నూరిపోసింది. అంతకు కొద్దిగా ముందే, మనం కారప్పూసకి చక్రాల గిద్దె నొక్కినట్టు మరలో పిండి నొక్కి గోళీలు తీసే పద్ధతి వచ్చింది. ఇహ చూసుకోండి, సంచిదే రాజ్యం. కానీ 2007లో గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ కలిసిందని తేలి అక్కడే కోట్ల పొట్లాలు వెనక్కి తెప్పించాల్సొచ్చింది. ప్లాస్టిక్కుకి వాడే సరుకు ప్రొటీన్ లెక్క పెంచుతుందని కలిపేశారు. లెక్క పెరిగింది, పిల్లులూ కుక్కలూ కిడ్నీలు చెడి చచ్చిపోయాయి.

ఆ భయం చల్లారకముందే ‘ధాన్యం లేని’ సంచి దిగింది. కుక్క తోడేలు సంతానం, తోడేలు వరి నాటిందా అన్న వాదం దానికి వెన్నెముక. ఇందిరానగర్‌లో ఇప్పటికీ దీని చెలామణీ జోరు మీదుంది. ధాన్యం తీసేసిన చోట బఠాణీ, పప్పులు నింపారు. 2018లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ తిళ్ళకీ కుక్కల గుండెజబ్బుకీ సంబంధముందేమోనని ఆరా మొదలుపెట్టింది. గట్టిగా తేల్చలేదు గానీ తోడేలు బొమ్మ కాస్త వెలిసింది. అసలు 2013లోనే నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు తోడేలుకి రెండు ప్రతులుంటే, కుక్కలకి నాలుగు నుంచి ముప్ఫై దాకా ఉన్నాయట. వేల ఏళ్ళు మన గుమ్మం దగ్గర కూచుని, మనం పడేసిన అన్నం తిని తిని ఆ జంతువు ఒళ్ళే మార్చుకుంది. గేటు దగ్గరి వీధికుక్క రాజుగాడికి నేను పెట్టే పెరుగన్నం వెనక ఇంత శాస్త్రముందని నాకప్పటిదాకా తెలీదు. (ఉల్లిపాయ పడిన సాంబారన్నం పెట్టబోయి ఒకసారి డాక్టరు చేత చీవాట్లు తిన్నాను. ఉల్లి కుక్క నెత్తుట్లో ఎర్రకణాల్ని పగలగొడుతుంది. కాబట్టి నా శాస్త్రజ్ఞానాన్ని మరీ నమ్మకండి.)

ఇప్పుడు బెంగళూరులో మూడో బేరం నడుస్తోంది. ఇంటి వంటని పాపమన్న వ్యాపారమే ఇంటి వంటని డబ్బాల్లో పెట్టి, నెలవారీ చందా కట్టించుకుని తలుపు దగ్గరికి తెచ్చిస్తోంది. అచ్చం మీరు వండినట్టే ఉంటుందట, మీరు వండనక్కర్లేదట. సొమ్ము తక్కువేం లేదు ఈ గిన్నెలో. కోళ్ళ వ్యాపారంలోంచి పుట్టిన కుక్క తిండి కంపెనీ డ్రూల్స్‌లో 2025లో నెస్లే వాటా కొంటే ఆ కంపెనీ విలువ వంద కోట్ల డాలర్లు దాటింది.

అదే ఏడాది జులైలో మా ఊళ్ళో ఓ వింత జరిగింది. కుక్క కూడుని గ్రాముల్లో తూచి, కాగితం మీద పెట్టింది సాక్షాత్తూ బెంగళూరు మహానగర పాలికె, బీబీఎంపీ! వీధికుక్కలకి రోజుకో పూట భోజనం పెట్టడానికి టెండరు పిలిచింది. కోడి మాంసం 150 గ్రాములు, బియ్యం 100, కూరగాయలు 100, నూనె 10, ఉప్పు 5, పసుపు రెండున్నర. మొత్తం 367 గ్రాముల పైచిలుకు, 465 నుంచి 750 కేలరీలు, విస్తరి ఒక్కింటికి రూ. 22.42. పది కిలోల వీధికుక్కకి పైన చెప్పిన లెక్క వేస్తే 630 వస్తుంది. గుంతలు పూడ్చడం రాని పాలికెకి ఘాతాంకం వచ్చని నేను కలలో కూడా అనుకోలేదు.

ఊరంతా గొల్లుమంది. ‘మా పన్నుల డబ్బుతో కుక్కలకి బిర్యానీయా?’ అని. ఇది నిజమేనా అంటూ తమిళనాడు నుంచి ఎంపీ కార్తీ చిదంబరం కూడా ఆశ్చర్యపోయారు, వీధుల్లో కుక్కలకి చోటే ఉండకూడదన్నారు. కడుపు నిండితే కరవడం తగ్గుతుంది, టీకాలకి పట్టుకోవడం సులువవుతుందని అధికారులు చెప్పుకోబోయారు గానీ వినే నాథుడేడీ? ఆ రోజు మా ఇద్దరు పీఠాధిపతులూ లిఫ్ట్‌లో మొట్టమొదటిసారి నోరు విప్పి మాట్లాడుకున్నారు. ‘ఘోరమండీ’ అన్నాడు సంచి. ‘మరీ దారుణం’ అన్నాడు కుక్కర్. సంచిగారి చేతిలో కుక్క పళ్ళు తోమే నములుడు పుల్ల ఉంది. ఒక్క పుల్ల ఇరవై రెండున్నర పైమాటే.

టెండరుని తిట్టాలంటే లోపల్లోపల చాలా సరుకుంది, చదివితే కదా! జోనుకి 36 లక్షలు, ఎనిమిది జోన్లకి ఏడాదికి 2.88 కోట్లు. 22.42తో భాగించి, మళ్ళీ 365తో భాగిస్తే 3,519 కుక్కలొస్తాయి. చాటింపు మాత్రం 5,000 కుక్కలకని. తక్కిన పదిహేను వందలూ ఏకాదశి ఉండాలి కాబోలు. 2023 లెక్కలో ఊళ్ళో తేలిన వీధికుక్కలు 2.79 లక్షలు. వందకి రెండింటికి కూడా అందని బిర్యానీ మీద నూటికి నూరుమంది ఏడుపన్నమాట. పైగా ఉప్పు చూడండి. ఎదిగిన మనిషికి రోజు మొత్తం మీద ఐదు గ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పాలికె ఆ ఐదూ ఒకే పూట కుక్క నోట్లో పోసింది. పసుపు వేసినవాళ్ళకి కాల్షియం గుర్తు రాలేదు. ఎవరో బాబాయి హోటలు వంటమాస్టరు, ఎవరో డాక్టరు కలిసి రాసినట్టుంది ఆ కాగితం.

రెండు నెలలు తిరక్కుండా, సెప్టెంబరు 2న గ్రేటర్ బెంగళూరు అథారిటీ వచ్చింది. విస్తరి వెయ్యబోయిన పాలికే ఐదు కార్పొరేషన్లుగా చిరిగింది. కుక్కలు చించిన విస్తరి అని మనవాళ్ళంటారు గానీ, కుక్కలు ఇంకా దగ్గరికే రాలేదు. అంతకు పదకొండు రోజుల ముందు, ఆగస్టు 22న సుప్రీంకోర్టు కుక్కలకి ఎక్కడంటే అక్కడ పెట్టకూడదు, అందుకు చోట్లు గుర్తించి అక్కడే పెట్టాలంది. మా సంఘం మీటింగులో ఆ చోటు మీద రెండు గంటలు చర్చ సాగింది. ఏ టవర్ ప్రతినిధిని అడిగినా ఆ పవిత్రస్థలం పక్క టవర్ ముందు ఉంటే బావుంటుందన్నాడు.

బిర్యానీ గొడవలో నన్ను కుట్టిన తేలు వేరే ఉంది. మధ్యాహ్న భోజనంలో ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లవాడికి సర్కారు కొలత బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5. కేలరీలు 450. బియ్యం కాక తక్కిన సరుకుల ఖర్చు 2025 మే నుంచి రూ. 6.78. కర్ణాటకలో గుడ్డు వారానికి ఆరు రోజులూ పెడుతున్నారు, నిజమే. అందులో నాలుగు రోజుల ఖర్చు అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ భరిస్తోంది. పిల్లవాడి గుడ్డు దానం మీద, కుక్క కోడి టెండరు మీద. రూ. 22.42 మీద నిప్పులు కక్కిన మా వాట్సాప్ గ్రూపులో ఆ 6.78 సంగతి ఎత్తాను. ఒకాయన నమస్కారం బొమ్మ పెట్టాడు. ఇంకొకరు ‘గ్రూపులో రాజకీయాలొద్దు’ అన్నారు. మూడో నిమిషంలో ఎవరో గోల్డెన్ రిట్రీవర్ పుట్టినరోజు కేకు ఫోటో వేశారు.

మొన్న షిట్జూని డాక్టరు దగ్గరికి ఎత్తుకుపోయారు. ఎత్తుకునే పోవాలి మరి. ఆయన నెయ్యి మానిపించి, ఖనిజాల పొడి రాసిచ్చి, ఇంటాయన్ని గట్టిగా నాలుగు దులిపి, వంటింటి త్రాసు కొనమన్నాడు. ఆ త్రాసులో సెల్లు పడిపోయిందంటే సాయంగా వెళ్ళాను. బాల్కనీలో వంటావిడ ఎర్రబొట్టు కుక్కరు ముందు పెట్టుకుని కూచుంది. చింతామణి దగ్గరి పల్లె ఆవిడది, నాతో తెలుగులోనే మాట్లాడుతుంది. సెల్లు మార్చి ఇచ్చాను. చీటీ మీద డాక్టరు రాసిచ్చింది చికెన్ 100, బియ్యం 50.

ఆవిడ గిన్నె పెట్టి, అంకెల్ని సున్నా చేసి, గుప్పిటితో బియ్యం వదలడం మొదలుపెట్టింది. ముప్ఫై, నలభై అయిదు, యాభై. అక్కడ ఆపలేదు. నూరు అంకె పడేదాకా పోసి, గిన్నెలోకి వంగి చూసింది.

“ఇంతేనా అన్నా నూరు గ్రాములంటే?”

“ఇంతేనమ్మా.”

“మా వాని బడి గోడ మీద రాసినారు, మనిషికి నూరు గ్రాములని. రాసింది చూస్తే శానా అనుకుంటి.”

సగం బియ్యం వెనక్కి డబ్బాలో పోసింది. చేతులు కడుక్కుని, గిన్నె మార్చి, మళ్ళీ సున్నా నొక్కింది. చికెన్ ముక్కలు ఒక్కొక్కటే పెడుతూ అంకెల్నే చూస్తోంది. నూట నాలుగు చూపిస్తే ఒక చిన్న ముక్క తీసేసింది.