మా రోజుల్లో ఫ్యాన్ ఊరికే విచ్చుకునేది కాదు

ఈ మధ్య మా అడిక్‌మెట్ పిల్లల కూచిపూడి ప్రోగ్రాం చూసినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. పిల్లలు నిటారుగా నిలబడి ఉన్నారు, డ్రెస్సు ముందున్న కుచ్చిళ్ళ ఫ్యాన్ మాత్రం పురివిప్పిన నెమలిలా విచ్చుకునే ఉంది! లోపల గట్టి లైనింగు వేసి కుట్టేస్తున్నారట. సగం కూర్చునే అరమండి పట్టినా ఒకటే, పట్టకపోయినా ఒకటే. ఇదేం పద్ధతి?

ఆ కుచ్చిళ్ళ ఫ్యాన్ ఉన్నదే అరమండి కోసం. మోకాళ్ళు పక్కలకు తిరిగి నడుము దిగితేనే మడతలు విడాలి, లేవగానే మూసుకోవాలి. ఉస్మానియా యూనివర్సిటీ టాగూర్ ఆడిటోరియంలో చివరి వరసన కూర్చున్నా సరే, అరమండిలో ఎవరు నిజంగా కూర్చున్నారో, ఎవరు ఒళ్ళు దాచుకున్నారో మాకు తెలిసిపోయేది. ఫ్యాన్ చెప్పేసేది.

ఈ ఫ్యాన్ ఉన్న డ్రెస్సు మొదటినుంచీ లేదు. మొదట అందరూ చీరలోనే ఆడారు. కూచిపూడిలో ఆడవేషం కట్టిందీ మగవాళ్ళే. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా తెరమీంచి జడ వేస్తే ఇక వేరే పరిచయం అక్కర్లేదు. కుట్టిన దుస్తులు మద్రాసులో మొదలయ్యాయి. 1935లో రంగమెక్కిన రుక్మిణీదేవి అరండేల్ గుడి శిల్పాలు చూసి భరతనాట్యానికి కొత్త దుస్తులు తీర్చారు. కుట్టడంలో మదాం కజాన్ అనే ఇటలీ ఆవిడ తోడ్పడింది. మనవైపు వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు ఆడపిల్లలకు నేర్పారు. 1963లో వెంపటి చినసత్యంగారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఆడపిల్లలు రంగం మీదికి వచ్చాక కుట్టిన డ్రెస్సు కూచిపూడికీ స్థిరపడింది.

చీర పోయిందని నాకు బాధ లేదు. కూచిపూడి వేగానికి కట్టిన చీర ఆగదు. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచుమీద నిలబడి కదిలే పిల్లకి బొటనవేలి కింద కుచ్చిళ్ళు పడితే ఇంకేమైనా ఉందా? చీలమండ దగ్గర బిగుతుగా ఉండే పైజమా, మోకాళ్ళ నడుమ వేలాడే ఫ్యాన్, బిగించి కట్టే పైట, నడుముకు నాడాలు. పాదమూ గజ్జే కనబడతాయి, బట్ట కాలికి అడ్డం రాదు. ఇన్నేళ్ళుగా అది నిలిచింది ఆ పనితనం వల్లే.

విద్యానగర్‌లో మా పిల్లలకు కుట్టిన టైలరు టేపు తియ్యగానే, "కూర్చో అమ్మా" అనేవాడు. కుర్చీలో కాదు, అరమండిలో. నిలబడిన కొలత వేరు, కూర్చున్న కొలత వేరు. రెండూ రాసుకునేవాడు. ధర్మవరం పట్టుచీర కత్తిరించాలంటే ఇంట్లో అందరం చుట్టూ చేరేవాళ్ళం. పెద్ద జరీ అంచు ఫ్యాన్‌కీ, చిన్న అంచు పైజమాకీ, కొంగు పైటకీ. పిల్ల ఎదుగుతుందని కుట్ల లోపల గుడ్డ మడిచి ఉంచేవాడు. ఏడాదికోసారి విప్పి వదులు చేస్తే పెద్దదాని డ్రెస్సు చిన్నదానికీ వచ్చేది. రవీంద్రభారతిలో ఆడొచ్చిన రాత్రి చెమట ఆరేదాకా నీడన తిరగేసి వేలాడదీసేవాళ్ళం. పట్టుని నీళ్ళలో పెట్టడం అన్న మాటే లేదు.

ఇప్పుడు కొలతల్లేవు, ఎస్, ఎమ్, ఎల్ సైజులే. "ఆన్‌లైన్‌లో రెండ్రోజుల్లో వచ్చేస్తుంది అమ్మమ్మా" అంటుంది మనవరాలు. వచ్చేది పాలిస్టరు. లైట్ల వేడికి ఒంటికి అంటుకుపోతుంది. నడుము దగ్గర అతుకుడు పట్టీ, నాలుగు గెంతులకే ఊడుతుంది. నేర్చుకునేవాళ్ళు పెరిగారు, కాదనను. 2010 డిసెంబరులో గచ్చిబౌలి స్టేడియంలో రెండున్నర వేలమందికి పైగా ఒక్కసారి కూచిపూడి ఆడితే నా కళ్ళు చెమ్మగిల్లాయి. అంతమందికి చీరలు కోసి కొలతలు తీసే టైలర్లు ఎక్కడున్నారంటే నా దగ్గరా జవాబు లేదు. పట్టు కొనలేని ఇళ్ళున్నాయి, వాళ్ళని నేనొక్క మాట అనను. నూలుచీరతో కుట్టించుకోండి, మా వీధిలోనే అలా ఆడిన పిల్లలున్నారు. కానీ ఆ గట్టి లైనింగుకు డబ్బు లేకపోవడం కారణం కాదు. పిల్ల ఫొటోలో బాగా పడాలి, అంతే. మోకాలు వంగకుండానే వంగినట్టు కనబడితే ఇక గురువుగారు దేన్ని దిద్దుతారు?

తల్లులకు నేను చెప్పేది ఒక్కటే. మొదటి డ్రెస్సుకు పిల్లని టైలరు దగ్గరికి వెంటబెట్టుకు వెళ్ళండి, అరమండిలో కూర్చోబెట్టి ఫ్యాన్ కొలవమనండి. ఆ లైనింగు వద్దనండి. ఒక పూట పోతుంది, పోనివ్వండి.