51వ మీటరు నుంచి

న్యూఢిల్లీలోని ఆహార భద్రత సంస్థ పెద్దలకి,

గుంటూరులో ఒక ప్రైవేటు బడి ముందు మిరపకాయ బజ్జీల బండి నడుపుకునేవాడు రాసుకున్న విన్నపం.

కొవ్వు, ఉప్పు, పంచదార మోతాదు మించిన తిండి బళ్ళోనూ, బడి గేటుకి ఏ దిక్కునైనా 50 మీటర్ల లోపునా పిల్లలకి అమ్మకూడదని 2020లో మీరు నిబంధన పెట్టారు. నా దాకా వచ్చింది మొన్ననే. తెలిసిన రోజే పక్కనున్న దర్జీ దగ్గర టేపు అడిగి తెచ్చుకుని, గేటు గొళ్ళెం దగ్గర్నుంచి కొలుచుకుంటూ పోయాను. ఆ టేపు మీటరున్నరే కదా, ముప్ఫై నాలుగుసార్లు వంగి లేచాను. ఆ రోజు ఆ బడి చుట్టుపక్కల అంత వ్యాయామం చేసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇప్పుడు నా బండి 51వ మీటరు దగ్గరుంది.

నా పొట్ట కొట్టారని ఏడవడానికి ఇది రాయట్లేదు. బేరం ఏమీ తగ్గలేదు. సాయంత్రం 4:20కి గంట కొట్టగానే పిల్లలు ఆ 51 మీటర్లూ పరుగున వస్తున్నారు. రోజు మొత్తమ్మీద వాళ్ళకి దక్కే పరుగు అదే. పొద్దున ఆటో గేటు దాకా తెచ్చి దించుతుంది. బడి చూస్తే కింద బ్యాంకు, పైన క్లాసులు, నాలుగంతస్తుల మేడ. బడికి ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టంలోనే ఉంది. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకి సగటున గంటసేపైనా చెమట పట్టేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

బజ్జీలవాడికి ఇవన్నీ ఎలా తెలుసంటారా? న్యూస్‌పేపర్లో పొట్లం కట్టొద్దని మీరే అన్నారు కదండీ. కొన్న పాతపేపర్లు మిగిలిపోయాయి, చదువుకుంటున్నాను.

ఏడో తరగతి కుర్రాడొకడు రోజూ వస్తాడు. బొద్దుగా ఉంటాడు, మాటకారి. "బాబాయ్, కట్ మిర్చి! ఉల్లిపాయ దండిగా వెయ్యి, నిమ్మకాయ పిండు" అంటూ బ్యాగు దించి బండి కడ్డీకి తగిలిస్తాడు. బండి ఒకవైపు ఒరుగుతుంది, అదీ ఆ బ్యాగు బరువు. మొన్న కూల్ డ్రింకు వద్దన్నాడు. ఏంరా అంటే, సీబీఎస్‌ఈ 2025 మేలో చెప్పిందట, బళ్ళో షుగర్ బోర్డు పెట్టారట. సీసాడు కూల్ డ్రింకులో ఎంత పంచదార ఉంటుందో మేడమ్ చెంచాలతో కొలిచి గాజు గ్లాసులో పోసి చూపించిందట. ఒంటికి అందే శక్తిలో పంచదార వాటా 5 శాతం దాటకూడదట. 4 నుంచి 10 ఏళ్ళ పిల్లల్లో 13, 11 నుంచి 18 దాకా 15 శాతం ఉంటోందట. వాడు ఒప్పజెప్తుంటే నాకే నోరెండిపోయింది. ఆ మేడమ్ చల్లగా ఉండాలి. నా ఐసుపెట్టె బేరం పోతే పోయింది.

"మరి ఆటల పీరియడేంట్రా?" అన్నాను.

"అది లెక్కల సార్ తీసేసుకుంటాడు బాబాయ్. ఆ శాతాల లెక్క కూడా అందులోనే చేయించాడు."

నా బజ్జీ ఒంటికి మంచిదని నేననను. నూనె సంగతి ఈ ఉత్తరంలో ఎత్తకపోవడమే నాకు క్షేమం. నేనడిగేది ఒక్కటే: గేటు బయటికి పట్టిన టేపు ఒక్కసారి లోపలికీ పట్టండి. పిల్లాడు ఎక్కడా గోడకి గుద్దుకోకుండా 50 మీటర్లు పరుగెత్తే చోటు లోపల కనిపిస్తే, మర్నాడే నా బండి మీరు చూపించిన చోటికి తోసుకుపోతాను. నేల కొలవడం విద్యాశాఖ పనంటారేమో. వాళ్ళ చిరునామా ఏ పేపర్లోనైనా దొరికితే ఇదే ఉత్తరం అటూ పంపిస్తాను.

ఇట్లు,
51వ మీటరు దగ్గరి బజ్జీల బండి

తా.క.: దర్జీ టేపు తిరిగిచ్చేశాను. కొలవడానికి వచ్చేటప్పుడు మీది మీరే తెచ్చుకోగలరు. గేటు లోపలికైతే పొడవాటిది అక్కర్లేదు.