గీత దాటితే

మైపాడు రోడ్డున రోజూ తిరిగే కారు ఏదైనా కరెంటు తంటాతో షాపుకొస్తే మా తమ్ముడు ముందు ఉప్పునే అనుమానిస్తాడు. సముద్రపు గాలి ఒక్కటే కాదు. ఇందుకూరుపేట దాటాక కనబడేవి రొయ్యల గుంటలు, వాటిలో రేయింబవళ్లు నీళ్లు చిమ్మే ఏరియేటర్లు. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక నెల్లూరు తీరాన గుంటల సాగు ఎట్లా పెరిగిందో ఈ జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ ఉప్పు తుంపర కారు రంగు మీద వాలితే కడుక్కోవచ్చు. లోపల ఎక్కడో వైరు చివర, బోల్టు కింద చేరితేనే కష్టం. ఉప్పు గాలిలో తేమను లాక్కుంటుంది, రాగి పచ్చబడి పొడి కడుతుంది, కరెంటు దారి ఇరుకవుతుంది. కారులో ఎంత పెద్ద తెర పెట్టినా, దానిలోకి పోయిన కరెంటు బ్యాటరీకి తిరిగి చేరాల్సింది ఆ బోల్టు మీదుగానే.

మా చిన్నాన్న కొడుకు వాడు. నెల్లూరు మినీ బైపాస్‌లో ఆటో ఎలక్ట్రీషియన్. రోగం తెలియకుండా సామాను మార్చడు. ఇవాళ రేపు ఇది అరుదైన గుణం. తెర ఆరిపోతే తెర మార్చు, బ్యాటరీ దిగితే బ్యాటరీ మార్చు అనే కాలంలో, మీటరు చేతబట్టుకుని ఒక్కో వైరునీ ఓపిగ్గా అడిగి చూసేవాళ్లంటే నాకు గౌరవం. అందుకే ఊళ్లో ఉన్నప్పుడు సాయంత్రాలు వాడి షాపులో కూర్చుంటాను.

రోహిణి కార్తె ఎండలు. ఒక మధ్యాహ్నం ఒక పెద్దాయన కొత్త కారు తోలుకుంటూ వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, పంచె, తెల్ల చొక్కా. గంగపట్నం దగ్గర ఒకప్పుడు గుంటలు చేసి, భార్య పోయాక వాటిని కౌలుకిచ్చేసి, నెల్లూరులో ఒక్కడే ఉంటున్నాడు. కొడుకు డల్లాస్‌లో. సంక్రాంతికి వచ్చినప్పుడు కారు కొనిచ్చి పోయాడు.

"ఏందైంది పెద్దాయనా?" అన్నాడు మా తమ్ముడు.

"తెర ఉన్నట్టుండి ఆరిపోయి మళ్లా వెలుగుతుండాది. స్పీడు చూపించే తెర కూడా ఒక్కోసారి మినుకుమంటాది. అది ఒకటి. ఇంకోటి..." కాస్త ఆగాడు. "కారు యాడుండాదో పైకి తెలియడంలా."

"జీపీఎస్ రావడంలేదా?"

"ఏమో అబ్బయా. ముందు తెలిసేది. షోరూములో ఏందో అప్‌డేట్ వేశారు. ఆ తర్వాత నించీ లేదు. వాళ్లేమో అంతా బాగుందంటారు. ఇదంతా పీకేసి బయట దొరికే పెద్ద స్క్రీన్ వేసెయ్."

మా తమ్ముడు ఒప్పుకోలేదు. ఇది పాత కార్లలో టేప్ రికార్డరు పీకి సీడీ ప్లేయరు పెట్టినంత తేలిక కాదని చెప్పాడు. ఇప్పటి కార్లలో ఏసీ బొత్తాలు, రివర్సు కెమెరా, తలుపుల సెట్టింగులు చాలా మటుకు ఆ తెర వెనక డబ్బాతోనే ముడిపడి ఉంటాయి. దాన్ని పీకి ఇంకోటి తగిలిస్తే సినిమా బాగా కనబడొచ్చు, కెమెరా పోవచ్చు. వైర్లు కోస్తే వారంటీకి ఎసరు. పైగా కొత్త తెర పెట్టినా కరెంటు పాత దారినే రావాలి కదా.

స్టీరింగు కింద ఉండే సాకెట్‌కి స్కానరు తగిలించాడు. యూ అక్షరంతో మొదలయ్యే కోడ్లు వరసగా వచ్చాయి. కారులోని చిన్న చిన్న కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ మధ్యలో మాట తెగిపోయిందని వాటి అర్థం. ఆ మాటలన్నీ నడిచేది మెలివేసిన రెండు సన్నటి తీగల మీద. క్యాన్ అనే ఆ పద్ధతిని బాష్ కంపెనీ 1986లో లోకానికి చూపించింది. ఇంజన్‌కీ బ్రేకులకీ తెరకీ అన్నిటికీ అదే. ఇన్ని పరికరాలు ఒకేసారి మాట తప్పాయంటే తప్పు ఏ ఒక్కదానిలోనూ ఉండదని, అన్నిటికీ ఉమ్మడిగా ఉండే చోట వెతకాలని మా తమ్ముడి లెక్క.

బ్యాటరీ చూశాడు. ఇంజన్ ఆపి ఉంటే 12.6 వోల్టులు, నడుస్తుంటే 14 దాకా. అక్కడ వంక లేదు. అప్పుడు ఏసీ, లైట్లు, తెర అన్నీ వేసి, మీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో ముల్లు డ్యాష్‌బోర్డు కింద ఎర్త్ వైర్లు కలిసే బోల్టు మీద పెట్టాడు. అక్కడ వోల్టేజీ దాదాపు ఏమీ కనబడకూడదు. అర వోల్టు పైన చూపించింది. పక్క ప్లాస్టిక్ రేకు ఊడదీస్తే బోల్టు చుట్టూ పచ్చటి పొడి. దాని కిందే ఒక కొత్త నల్ల వైరు దూర్చి ఉంది. ఎవరో డ్యాష్ కెమెరా బిగించినవాడు ఆ బోల్టు వదులు చేసి, తన వైరు దూర్చి, సరిగా బిగించకుండా పోయాడు. ఆ సందులోకి ఉప్పు చేరింది. గతుకుల్లో కారు కుదిపినప్పుడల్లా తెర ఆరిపోయేది అందుకే.

గరుకు కాగితంతో బోల్టు కిందంతా తెల్లటి ఇనుము కనబడేదాకా రుద్దాడు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టాడు. కెమెరా వైరు తీసి ఫ్యూజు పెట్టె నుంచి వేరే దారి ఇచ్చాడు, దాని ఎర్త్ ఇంకో బోల్టుకి మార్చాడు. మళ్లీ బిగించి పైన పెట్రోలియం జెల్లీ పూశాడు. తీరంలో ఉండేవాళ్లు ఈ ఆఖరి పని అడిగి మరీ చేయించుకోవాలి. ఖర్చు లేనిది, ఏళ్ల తరబడి కాపాడేది. తర్వాత కోడ్లు చెరిపి, తెర బొత్తాన్ని నొక్కి పట్టుకుని రీసెట్ చేశాడు. రెండు తెరలూ నిలకడగా వెలిగాయి. కెమెరా వచ్చింది, రేడియో వచ్చింది, మ్యాపులో బాణం సరిగ్గా షాపు ముందు నిలబడింది.

"చూడు పెద్దాయనా, జీపీఎస్ కూడా సరిగ్గా ఉండాది."

పెద్దాయన తెర వంక పెద్దగా చూడలేదు. "మనం యాడుండామో మనకి తెలిస్తే సరా? పైకి తెలియాల గదా," అన్నాడు.

మా తమ్ముడు ఓపిగ్గా చెప్పాడు. ఉపగ్రహానికి మన సంగతేమీ తెలియదు. అది తన గడియారం టైమునీ తనెక్కడుందన్నదాన్నీ అందరికీ వినబడేలా చెప్పుకుంటూ పోతుందంతే. కనీసం నాలుగు ఉపగ్రహాల మాట విని, ఎవరి మాట ఎంత ఆలస్యంగా చేరిందో లెక్కగట్టి, కారే తానెక్కడుందో తేల్చుకుంటుంది. మనం విన్నామో లేదో కూడా దానికి పట్టదు.

"మన షార్ నించి పంపినవి కూడా అంతేనా?" అన్నాడు పెద్దాయన. 2013 జూలై 1 రాత్రి మన దేశపు దారిచూపే ఉపగ్రహాల్లో మొదటిది శ్రీహరికోట నుంచి లేచినప్పుడు గుంట గట్టు మీద నిలబడి చూశాడట. దక్షిణాన ఆకాశమంతా ఎర్రబడిందని చెప్పాడు.

"అన్నీ అంతే. మన జాడ బయటికి పంపేది వేరే. కారులో ఒక సిమ్ము ఉంటాది. అది కంపెనీకి పంపితే, కంపెనీ నుంచి ఓనరు ఫోనుకి పోతాది."

"ఆ, అదే. అది పోవడంలా," అన్నాడు పెద్దాయన. మొహం వికసించింది.

సిమ్ము సిగ్నల్ బాగానే ఉంది. అయినా రోడ్డు మీద చూద్దామని సాయంత్రం మైపాడు దాకా బయల్దేరాం. మా తమ్ముడు తోలుతున్నాడు, పెద్దాయన పక్క సీట్లో, నేను వెనక. గతుకు వచ్చినప్పుడల్లా మా తమ్ముడి కళ్లు తెర మీదికి పోతున్నాయి. అది ఒక్కసారి కూడా రెప్పవాల్చలేదు. ఇందుకూరుపేట దాటాక పెద్దాయన జేబులోంచి ఫోను తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"ఇక్కడే. గీత దాటినాం," అన్నాడు.

"ఏం గీత?"

మెల్లగా విషయం బయటికొచ్చింది. కొడుకు పోతూ పోతూ తన ఫోన్లో ఇంటి చుట్టూ 15 కిలోమీటర్ల గీత గీసి పోయాడు. కారు ఆ గీత దాటితే అతనికి మెసేజ్ వస్తుంది. ఎవడైనా ఎత్తుకుపోతాడేమోనని జాగ్రత్త. మొదటిసారి పెద్దాయన ఏదో పని మీద మైపాడు వైపు వస్తే, ఈ చుట్టుపట్లకు రాగానే డల్లాస్ నుంచి ఫోన్ వచ్చింది. "నాయనా, యాడికి పోతుండావు? కారు నువ్వే తోలుతుండావా?" అని. ఆ వంకన అన్నం తిన్నావా, మాత్రలు వేసుకున్నావా, కౌలు డబ్బులిచ్చారా అని చాలాసేపు మాట్లాడాడు. మర్నాడు పెద్దాయన మళ్లీ వచ్చాడు. మళ్లీ ఫోన్. అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఇదే దారి.

"నాలుగు నెలలూ ఒక్క రోజు తప్పలేదబ్బయా. ఆ అప్‌డేట్ వేసినాకే ఆగిపోయింది."

నాకేం మాట్లాడాలో తెలియలేదు. పిల్లలు అమెరికాలో, పెద్దవాళ్లు నెల్లూరులో ఉన్న ఇళ్లు మా వీధిలోనే ఎన్నో ఉన్నాయి. వాటిలో కొత్త కార్లు, ఏసీలు, గేటు మీద కెమెరాలు, అన్నీ ఉన్నాయి. ఫోను మోగడం కోసం ఎండలో పడి గీత దాటే మనిషిని మాత్రం అప్పుడే చూశాను.

మైపాడు చేరేసరికి ఆరున్నర. వేట నిషేధం రోజులు, జూన్ 14 దాటేదాకా బోట్లు ఒడ్డునే. ఐస్ పెట్టెల కేకలు లేవు, వలలు బాగుచేసుకునేవాళ్లు నలుగురు కూర్చుని ఉన్నారు. మా తమ్ముడు కారు ఆపి మళ్లీ ఒకసారి అన్నీ చూశాడు. సిమ్ము పనిచేస్తోంది, కారు జాడ పంపుతూనే ఉంది.

"అప్‌డేట్ పడినప్పుడు ఒక్కోసారి ఇట్టాంటి సెట్టింగులు చెరిగిపోతాయి పెద్దాయనా. తిరిగి పెట్టాలంటే ఓనరు ఫోన్లోనే పెట్టాల. ఒకసారి మీ వాడికి ఫోన్ చెయ్యి."

"ఇప్పుడు వాడు ఆఫీసుకి బయల్దేరే టైము. విసుక్కుంటాడు."

"నేను మాట్లాడతాలే. కారులోంచే చేద్దాం, మైకు కూడా చూసినట్టుంటాది."

పెద్దాయన ఫోను కారుకి జత చేసే ఉంది. తెర మీద కొడుకు పేరు నొక్కాడు. అక్కడ ఉదయం ఎనిమిది. రెండు రింగులకే ఎత్తాడు.

"చెప్పు నాయనా."

"సార్, నేను నెల్లూరులో కారు ఎలక్ట్రీషియన్ని. మీ నాయన ఫోను నించి మాట్లాడుతుండాను. కారు గీత దాటితే మీకు మెసేజ్ వచ్చేది గదా. అది పోయినట్టుండాది. ఒకసారి మీ ఫోన్లో చూస్తారా?"

"ఓ, అదా అన్నా..." అవతల కారు తలుపు వేసిన చప్పుడు. "అది పోలేదు. నేనే ఆపేశా. రోజూ సరిగ్గా ఈ టైముకే మోగేది. మోగితే ఫోన్ చెయ్యాల. ఎందుకు పోతుండాడో నాకు తెలీక కాదు, నాకు మాత్రం టైము యాడుండాది? నాయనకి మాత్రం చెప్పబాకన్నా. అప్‌డేట్‌లో పోయింది, ఇంక రాదని చెప్పెయ్. బిల్లు ఎంతయినా నాకు పంపు."

నాలుగు తలుపుల్లోని స్పీకర్లలోంచి ప్రతి అక్షరం స్పష్టంగా వినబడింది. ఫోన్ పెట్టేశాడు. మా తమ్ముడు స్టీరింగు మీంచి చెయ్యి తీయలేదు, పక్కకి తిరగలేదు.

పెద్దాయన ఒళ్లోని ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు.

"సౌండు బాగుండాదబ్బయా," అన్నాడు. "బిల్లు నేనిస్తాలే. నేను విన్నానని మాత్రం వాడికి చెప్పబాక."